డ్యామ్ కింద పుట్టిన ట్రౌట్ నది: బిగ్‌హార్న్ ఎవరిది?

ఈరోజు ఎపిసోడ్‌లో ఒక నది గురించి, ఒక చేప గురించి, ఒక కోర్టు కేసు గురించి మాట్లాడుకుందాం.

నది పేరు బిగ్‌హార్న్. అమెరికాలో మోంటానా రాష్ట్రంలో ఉంది. మీ ఫోన్‌లో ఈ పేరు కొట్టి ఫొటోలు చూడండి. అద్దంలా తేటగా నీళ్లు, నడుం దాకా నీళ్లలో నిలబడ్డ మనిషి, ఒక చేతిలో పొడుగాటి సన్నటి కర్ర, ఇంకో చేతిలో ఒళ్లంతా మచ్చలున్న చేప. ఆ చేప ట్రౌట్. ఫొటో అయిపోగానే చాలామంది దాన్ని మళ్లీ నీళ్లలోకే వదిలేస్తారు. ఫ్లై ఫిషింగ్ అనే ఆట ఆడేవాళ్లకి ఇదొక తీర్థయాత్ర లాంటి చోటు. దేశదేశాల నుంచి వస్తారు.

ఇప్పుడు ఆ ఫొటోల్లో కనపడని విషయం చెప్తాను. 1960ల ముందు ఈ నదిలో ఈ ఆట లేదు. ఈ చేపకి ఇక్కడి నీళ్లు సరిపడేవి కావు. డ్యామ్ కట్టాకే ఇది ట్రౌట్ నది అయింది. ఆ డ్యామ్ కట్టిన చోటు క్రో అనే తెగది. ఆ డ్యామ్‌కి పెట్టింది కూడా ఆ తెగ నాయకుడి పేరే. ఆయనేమో దాన్ని కట్టొద్దని ఏళ్ల తరబడి పోరాడిన మనిషి!

ఈ మూడు ముక్కలూ కలిపి చూస్తేనే కథ అర్థమవుతుంది. ఒక్కొక్కటిగా వెళ్దాం.

నీళ్లు ఎందుకు మారాయి?

బిగ్‌హార్న్ వయోమింగ్ రాష్ట్రంలో మొదలై ఉత్తరంగా ప్రవహిస్తుంది. ఒక లోతైన లోయ దాటి మోంటానా మైదానాల్లోకి వచ్చి, చివరికి ఎల్లోస్టోన్ నదిలో కలుస్తుంది. దీని ఉపనది పేరు మీరు వినే ఉంటారు, లిటిల్ బిగ్‌హార్న్. 1876లో కస్టర్ అనే సైనికాధికారి తన దళంతో సహా ప్రాణాలు పోగొట్టుకున్న యుద్ధం ఆ ఒడ్డునే జరిగింది.

డ్యామ్ లేని రోజుల్లో బిగ్‌హార్న్ ఎలా ఉండేదంటే, మన గోదావరికి వరదొచ్చినప్పుడు చూశారు కదా, అలాంటి బురద నీళ్లు. మంచు కరిగే కాలంలో పొంగేది, ఎండాకాలంలో తగ్గి వేడెక్కేది. అలాంటి నీళ్లలో క్యాట్‌ఫిష్, సాగర్ లాంటి చేపలు హాయిగా బతుకుతాయి. ట్రౌట్‌కి మాత్రం కుదరదు. దానికి చల్లటి, తేట నీళ్లు కావాలి. నీళ్లు 20 డిగ్రీల సెల్సియస్ దాటాయంటే దానికి ఇబ్బంది మొదలవుతుంది.

మరి డ్యామ్ ఏం చేసింది? పెద్ద జలాశయంలో నీళ్లు ఎండాకాలంలో పొరలు పొరలుగా విడిపోతాయి. పైన వేడి నీళ్లు, అడుగున చల్లటి నీళ్లు. వేడి నీళ్లు తేలిక, చల్లటివి బరువు. అందుకే రెండూ అంత తేలిగ్గా కలవవు. ఇలాంటి డ్యాముల్లో టర్బైన్లకి నీళ్లు పైనుంచి కాదు, లోతులోంచి తీసుకుంటారు. అంటే జులైలో బయట ఎండ మండిపోతున్నా డ్యామ్ కింద నదిలోకి వచ్చేది ఫ్రిజ్‌లో నీళ్లలాంటివి. చలికాలంలో దీనికి ఉల్టా. బయట అంతా గడ్డకట్టే చలి ఉన్నా లోతు నీళ్లు నాలుగు డిగ్రీల దగ్గర ఉంటాయి, కాబట్టి డ్యామ్ కింద నది గడ్డకట్టదు. చేప ఏడాది పొడుగునా తింటూ పెరుగుతుంది.

ఇక బురద సంగతి. నది మోసుకొచ్చే ఒండ్రు అంతా జలాశయంలోనే అడుక్కి దిగిపోతుంది. కిందికి తేట నీళ్లే వస్తాయి. ఎండ అడుగుదాకా తగులుతుంది, నాచు పెరుగుతుంది, ఆ నాచులో చిన్నచిన్న పురుగులు లక్షల్లో పుడతాయి. ట్రౌట్‌కి అది రోజూ పెళ్లి భోజనమే.

ఇలా డ్యామ్ కింద పారే నదీభాగాన్ని టెయిల్‌వాటర్ అంటారు. బిగ్‌హార్న్‌లో ఇంకో ఏర్పాటు కూడా ఉంది. కరెంటు వాడకం పొద్దున, సాయంత్రం పెరుగుతుంది. దాన్నిబట్టి పెద్ద డ్యామ్ నుంచి వదిలే నీళ్లు కూడా పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. అందుకని మూడున్నర కిలోమీటర్ల కింద ఆఫ్టర్‌బే అని ఒక చిన్న డ్యామ్ కట్టారు. ఈ హెచ్చుతగ్గుల్ని అది సర్ది, నీళ్లని నిలకడగా కిందికి వదులుతుంది. ఇప్పుడు జనం చేపలు పట్టేది ఎక్కువగా ఆ ఆఫ్టర్‌బే కింద ఉన్న 20 కిలోమీటర్ల చోటే.

ఈకలు, దారం, ఓపిక

ఫ్లై ఫిషింగ్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మన దగ్గర గాలానికి వానపామో, పిండి ముద్దో గుచ్చుతాం. ఇక్కడ గుచ్చేది నిజం ఎర కాదు. కొక్కేనికి పక్షి ఈక, బొచ్చు, దారం చుట్టి పురుగులా తయారుచేస్తారు. దాన్నే ఫ్లై అంటారు. దానికి బరువే ఉండదు, మరి దూరం ఎలా విసురుతారు? బరువంతా దారంలో ఉంటుంది. కర్రని వెనక్కీ ముందుకీ ఊపితే, గాల్లో మెలికలు తిరుగుతూ వెళ్లే ఆ దారమే ఫ్లైని మోసుకెళ్తుంది.

టెయిల్‌వాటర్ నదుల్లో పురుగులు చాలా చిన్నవి, నీళ్లు చాలా తేట. చేప దగ్గరకొచ్చి తీరిగ్గా పరిశీలిస్తుంది. అందుకే బియ్యపు గింజంత ఫ్లైలు, వెంట్రుకంత సన్నటి దారం వాడాలి. ఫ్లై నీళ్లతోపాటు సహజంగా కొట్టుకుపోవాలి. దారం లాగినట్టు కనపడితే చేప నోరు తెరవదు. ఈ ఆటలో మజా అంతా అక్కడే ఉందంటారు ఆడేవాళ్లు.

ఇంకో సంగతి. ఇప్పుడు ఆ నదిలో పేరున్న రెండు ట్రౌట్ జాతులూ బయటనుంచి తెచ్చినవే. బ్రౌన్ ట్రౌట్ గుడ్లు 1883లో జర్మనీ నుంచి ఓడలో న్యూయార్క్‌కి వచ్చాయి. రెయిన్‌బో ట్రౌట్ పసిఫిక్ తీరపు చేప. అంటే డ్యామ్ వల్ల మారిన నీళ్లలో, బయటినుంచి తెచ్చిన చేపలు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కోర్టు దగ్గర మళ్లీ వస్తుంది.

ఇది ఒక్క బిగ్‌హార్న్ కథ కూడా కాదు. ఆర్కన్సాలో బుల్ షోల్స్, కొలరాడో నది మీద గ్లెన్ కాన్యన్, యూటాలో ఫ్లేమింగ్ గార్జ్ డ్యాముల కింద కూడా ఇలాగే ట్రౌట్ నదులు పుట్టాయి. ఫ్లేమింగ్ గార్జ్ దగ్గరైతే 1962లో డ్యామ్ గేట్లు మూసే ముందు, గ్రీన్ నదిలో, దాని ఉపనదుల్లో దాదాపు 700 కిలోమీటర్ల పొడవునా రోటెనోన్ అనే విషం కలిపారు. అక్కడ పుట్టిపెరిగిన చేపల్ని ‘పనికిరాని చేపలు’ అని లెక్కగట్టి, వాటిని చంపి ట్రౌట్‌కి చోటు చేశారు. డ్యామ్ కింద ట్రౌట్ ఉచితంగా రాదు. ఎవరో ఒకరు ధర కడతారు. గ్రీన్ నదిలో ఆ ధర చేపలు కట్టాయి. బిగ్‌హార్న్‌లో మనుషులు కట్టారు.

3 కోట్ల 85 లక్షల ఎకరాల నుంచి

క్రో తెగవాళ్లు తమని తాము అప్సాలూకే అని పిలుచుకుంటారు. గుర్రాల మీద తిరుగుతూ బఫెలో మందల్ని వేటాడి బతికిన జనం. 1851లో ఫోర్ట్ లారమీ దగ్గర జరిగిన ఒప్పందంలో వాళ్ల భూమిగా సుమారు 3 కోట్ల 85 లక్షల ఎకరాల్ని అమెరికా గుర్తించింది. 1868లో ఇంకో ఒప్పందం. భూమి సుమారు 80 లక్షల ఎకరాలకి తగ్గింది. ఆ తర్వాత రకరకాల చట్టాలతో తగ్గుతూ తగ్గుతూ 23 లక్షల ఎకరాల దగ్గర ఆగింది. అదే ఇప్పటి క్రో రిజర్వేషన్.

ఇక్కడ ఒక్క నిమిషం. రిజర్వేషన్ అనగానే మనకి కాలేజీ సీట్లు, ఉద్యోగాలు గుర్తొస్తాయి. అమెరికాలో ఈ మాటకి అర్థం వేరు. మూలవాసీ తెగలకి ఒప్పందం ప్రకారం మిగిలిన భూభాగాన్ని రిజర్వేషన్ అంటారు. బిగ్‌హార్న్ నది క్రో రిజర్వేషన్ మధ్యలోంచి పారుతుంది. అంచున కాదండి, మధ్యలోంచి.

ఈ తెగలో 1889లో ఒక పిల్లవాడు పుట్టాడు. రాబర్ట్ ఎల్లోటెయిల్. చిన్న వయసులోనే ఇంటినుంచి తీసుకెళ్లి బోర్డింగ్ స్కూల్లో వేశారు. అప్పట్లో తెగల పిల్లలకి సొంత భాష, సొంత అలవాట్లు మాన్పించడానికి ప్రభుత్వం నడిపిన స్కూళ్లు అవి. అక్కడ నేర్చుకున్న ఇంగ్లీషునే ఆయన తన జనం కోసం ఆయుధంగా వాడాడు. 1910లలో క్రో భూముల్ని బయటివాళ్లకి తెరవాలని బిల్లులు వస్తే, ప్లెంటీ కూస్ లాంటి పెద్ద నాయకులతో కలిసి వాషింగ్టన్ వెళ్లి వాదించాడు. 1934లో తన సొంత రిజర్వేషన్‌కే సూపరింటెండెంట్ అయ్యాడు. ఒక తెగ మనిషికి సొంత రిజర్వేషన్‌లో ఆ పదవి దక్కడం అదే మొదటిసారి.

‘అమ్మం, అద్దెకిస్తాం’

1944లో అమెరికా మిస్సౌరీ నదీ పరీవాహకం మొత్తానికి పిక్-స్లోన్ ప్లాన్ అని ఒక భారీ పథకం మొదలుపెట్టింది. వరద అదుపు, సాగునీరు, కరెంటు, ఇలా అన్నీ అందులోనే. బిగ్‌హార్న్ లోయలో ఒక డ్యామ్ కూడా ఆ పథకంలో ఉంది. కట్టేది బ్యూరో ఆఫ్ రిక్లమేషన్. ఈ సంస్థతో మనకీ ఒక చిన్న లింకుంది. ఇందులో పెద్ద డిజైన్ ఇంజనీర్‌గా పనిచేసిన జాన్ సావేజ్, 1940లలో గోదావరి మీద రామపాదసాగర్ ప్రతిపాదనకి, అంటే ఇవాళ్టి పోలవరం తొలి రూపానికి సలహా ఇచ్చిన నిపుణుల్లో ఒకడు.

సరే, డ్యామ్ చోటు క్రోలది. ఎల్లోటెయిల్ మొదట్నుంచీ ఒకటే మాట మీద ఉన్నాడు. భూమి అమ్మం. కావాలంటే లీజుకి తీసుకోండి, ఏడాదికి పది లక్షల డాలర్లు, 50 ఏళ్లు. లెక్క చూడండి, 5 కోట్ల డాలర్లు వస్తాయి, పైగా భూమి తెగదిగానే ఉంటుంది. కరెంటు అమ్ముకుని ఏటా ఆదాయం తెచ్చుకునే చోటు అది, దానికి ఏటా అద్దె అడగడంలో తప్పేముంది?

ప్రభుత్వం ఒప్పుకోలేదు. తెగలో కూడా రెండు వర్గాలయ్యాయి. వచ్చినకాడికి తీసుకుని అమ్మేద్దామని కొందరు, అమ్మొద్దని ఎల్లోటెయిల్ వైపు కొందరు. చేతిలో డబ్బులేని ఇళ్లలో ఈ చీలిక ఎందుకొస్తుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ముంపు పరిహారం గురించి మన ఊళ్లలో జరిగిన గొడవలు విన్నవాళ్లకి తెలుసు. 1956లో తెగకి 50 లక్షల డాలర్లు ఇచ్చేలా అమెరికా కాంగ్రెస్ తీర్మానం చేస్తే, అంత ఎక్కువా అని అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ వీటో చేశాడు. చివరికి 1958లో వచ్చిన చట్టం 25 లక్షల డాలర్లు కట్టి ఆ భూమిని తీసుకుంది.

1961లో పని మొదలైంది. ఎత్తు 525 అడుగులు, అంటే 160 మీటర్లు. మన నాగార్జునసాగర్ 124 మీటర్లు. వెనక జలాశయం వంద కిలోమీటర్లకి పైగా పొడవు, వయోమింగ్‌లోకి కూడా వెళ్లింది. లోయ అంతా నీళ్లలో మునిగింది. 1960ల చివరికల్లా కరెంటు మొదలైంది. డ్యామ్‌కి ఎల్లోటెయిల్ డ్యామ్ అని పేరు పెట్టారు.

అది గౌరవమా, వెక్కిరింతా? నాకైతే రెండూ అనిపిస్తుంది. వద్దన్న మనిషి పేరు గోడ మీద ఉంటే, వచ్చే తరం చూసి ‘ఈయనే కట్టించాడేమో’ అనుకుంటుంది. పేరు మిగిలింది, ఆయన అన్న మాట మాత్రం మరుగున పడింది.

చేప పెరిగింది, గొడవా పెరిగింది

డ్యామ్ కింద నీళ్లు చల్లబడ్డాయి, తేటబడ్డాయి, ట్రౌట్ పెరిగింది. కబురు పాకింది. బయటినుంచి జనం రావడం మొదలైంది. 1970లలో క్రో తెగ కౌన్సిల్ ఒక తీర్మానం చేసింది: తెగవాళ్లు కానివాళ్లు మా రిజర్వేషన్‌లో వేటాడకూడదు, చేపలు పట్టకూడదు. మోంటానా రాష్ట్రం ఒప్పుకోలేదు. నది మాది, లైసెన్సులు ఇచ్చేది మేము అంది. 1975లో గొడవ కోర్టుకెళ్లింది. తెగ తరఫున అమెరికా ప్రభుత్వమే మోంటానా మీద కేసు వేసింది. అప్పటినుంచి 1981 దాకా ఆ నది బయటివాళ్లకి మూతపడింది.

ప్రశ్న చిన్నది. నది అడుగున ఉన్న నేల ఎవరిది? నీళ్ల కింద నేల ఎవరిదైతే, ఆ నీళ్లలో ఎవరు గాలం వేయాలో చెప్పే హక్కు వాళ్లదన్నమాట.

కింది కోర్టు రాష్ట్రం వైపు చెప్పింది. అప్పీల్ కోర్టు దాన్ని తిప్పేసి తెగ వైపు చెప్పింది. 1981 మార్చి 24న అమెరికా సుప్రీంకోర్టు మళ్లీ తిప్పేసింది. ఆరుగురు జడ్జీలు ఒక వైపు, ముగ్గురు ఇంకో వైపు. నదీగర్భం మోంటానాది.

వాళ్ల వాదన ఇలా నడిచింది. అమెరికాలో ఒక పాత సూత్రం ఉంది. పడవలు తిరిగే నదుల అడుగు నేల, కొత్త రాష్ట్రం ఏర్పడగానే ఆ రాష్ట్రానికి చెందుతుంది. మోంటానా రాష్ట్రం అయింది 1889లో. కానీ క్రోలతో ఒప్పందం 1868లోనే అయిపోయింది కదా, 21 ఏళ్ల ముందు? కోర్టు ఏమందంటే, ఆ ఒప్పందంలో నది అడుగు నేలని తెగకి ఇస్తున్నట్టు స్పష్టంగా రాయలేదు. పైగా క్రోలు బఫెలో వేటగాళ్లు, చేపల మీద ఆధారపడి బతికిన జనం కాదు, కాబట్టి నదీగర్భాన్ని వాళ్లకి ప్రత్యేకంగా కట్టబెట్టాల్సిన అవసరం అప్పట్లో లేదు.

కేసు నేపథ్యం చెప్తూ కోర్టు ఇంకో విషయం కూడా రాసింది. 1920ల నుంచి రిజర్వేషన్ నీళ్లలో చేపల్ని వదులుతున్నది రాష్ట్రం, బిగ్‌హార్న్‌లో ట్రౌట్ పట్టడం సాధ్యం చేసింది అమెరికా ప్రభుత్వం కట్టిన డ్యామ్ అని. ఇందులో అబద్ధం లేదు. నేను ఇంతకుముందు చెప్పింది కూడా అదే. కాకపోతే ఆ వాక్యంలో సగమే ఉంది. ఆ డ్యామ్ ఎవరి లోయలో కట్టారు, వాళ్లు అడిగిన ధర ఎంత, ఇచ్చిందెంత అన్న మిగతా సగం అక్కడ లేదు.

వ్యతిరేకించిన ముగ్గురు జడ్జీలు ఏమన్నారంటే, ఒప్పందాన్ని సంతకం పెట్టిన తెగ ఎలా అర్థం చేసుకుందో అలా చదవాలి. రిజర్వేషన్ నడిబొడ్డున పారే నదిని మాది కాదని ఎవరైనా అనుకుంటారా? నాకు ఈ మాటలో న్యాయం కనపడుతుంది. 1868లో కాగితం మీద పెన్ను ఎవరి చేతిలో ఉంది? ‘నది అడుగు నేల’ అనే ముక్క రాయాలని ఆ రోజు క్రో పెద్దలకి ఎవరు చెప్పారు?

ఆ తర్వాత

1981లో నది అందరికీ తెరుచుకుంది. ఆరేళ్లు బయటివాళ్లు ముట్టని నది. చేపలు పుష్కలంగా, పెద్దవిగా ఉన్నాయి. పత్రికలు రాశాయి, గైడ్లు వచ్చారు, లాడ్జీలు లేచాయి. డ్యామ్ దగ్గరున్న ఫోర్ట్ స్మిత్ అనే చిన్న ఊరు ఫ్లై ఫిషింగ్ ప్రపంచంలో పెద్ద పేరైంది.

ఆ తీర్పు ప్రభావం చేపలతో ఆగలేదు. రిజర్వేషన్ లోపల బయటివాళ్ల సొంత భూముల మీద, ఆ బయటివాళ్లపై తెగకి మామూలుగా అధికారం ఉండదు, రెండు మినహాయింపులు తప్ప అని కూడా అందులోనే ఉంది. అప్పటినుంచి అమెరికాలో ఏ తెగ అధికారం గురించి కేసు నడిచినా ‘మోంటానా’ పేరు ఎత్తకుండా నడవదు. గాలం దగ్గర మొదలైన గొడవ దేశంలోని తెగలన్నింటికీ చుట్టుకుంది.

రాబర్ట్ ఎల్లోటెయిల్ 1988లో చనిపోయాడు. డ్యామ్ చూశాడు, ట్రౌట్ చూశాడు, తీర్పు కూడా చూశాడు.

2010లో ఇంకో మలుపు. క్రో తెగ నీటి హక్కుల మీద అమెరికా ప్రభుత్వం ఒక సెటిల్‌మెంట్ చట్టం చేసింది. అందులో ఆఫ్టర్‌బే డ్యామ్ దగ్గర కరెంటు తయారీని అభివృద్ధి చేసుకునే హక్కు తెగకే ఇచ్చారు. ఎల్లోటెయిల్ 1950లలో అడిగిందేంటి? ఈ నీళ్ల నుంచి ఏటా వచ్చే ఆదాయంలో మాకూ వాటా కావాలని. అరవై ఏళ్ల తర్వాత, చిన్న డ్యామ్ దగ్గర, చిన్న రూపంలో ఆ మాట ఒక చట్టంలోకి ఎక్కింది.

చివరిగా ఒక మాట. ఈ కథ చెప్పింది ఫ్లై ఫిషింగ్ చేసేవాళ్ల మీద కోపంతో కాదు. ఆ నీళ్లలో నిలబడి ఓపిగ్గా ఒక చేప కోసం రోజంతా గడపడం అందమైన విషయమే. ఆ చేపకీ ఏ పాపం తెలియదు. డ్యాముల వల్ల మేలు లేదని కూడా నేను అనను, మనం తినే అన్నం చాలావరకు డ్యామ్ నీళ్లదే. నేను చెప్పేదల్లా, డ్యామ్ గోడకి ఇవతల కనపడే అందాన్ని చూసేటప్పుడు గోడ అవతల మునిగిన దాన్ని కూడా లెక్కలో రాయాలి. ‘డ్యామ్ వల్లే ఈ నది ఇలా ఉంది’ అన్నది నిజమే. ఆ డ్యామ్ ఎవరి భూమి మీద నిలబడి ఉందన్నది కూడా అంతే నిజం. చరిత్ర చదవడం అంటే రెండో వాక్యాన్ని మర్చిపోకపోవడమే.

ఈసారి మీరు సాగర్‌కో శ్రీశైలానికో టూర్ వెళ్లి, గేట్లు ఎత్తినప్పుడు రీల్ తీసుకుంటే, పక్కనున్న పెద్దవాళ్లని ఒక్క ప్రశ్న అడగండి: ఈ నీళ్ల కింద ఏ ఊళ్లు ఉండేవి? పేర్లు చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. అడిగి రాసిపెట్టుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. ఉంటాను, నమస్తే.